తువ్వాల లేని గడ

కంటి పొర తీసి కట్టు విప్పినప్పుడు లోకం ఇంత తేటగా ఉంటుందా అనిపించింది. మనవరాలి ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందని అప్పుడే చూశాను. నా చేతుల మీద ఇన్ని ముడతలున్నాయనీ అప్పుడే చూశాను. ఇవి చూడకున్నా పోయేది అనుకుని నవ్వుకుంటూ, జనగామలోని ఆ కంటి దవాఖానలో చుక్కల మందు ఇచ్చేదాకా కూర్చోమన్న గదిలోకి వచ్చాను.

ఎదురు గోడకు పెద్ద ఫోటో ఉంది. పొర తీయకముందు వచ్చినప్పుడల్లా అది నాకు చెమ్మ దిగిన గోడలా కనిపించేది. ఇప్పుడు చూస్తే నీళ్ళు. రంగుల ఫోటో కాదు, పాతకాలపు నలుపు తెలుపుది. పారుతోందో లేదో తెలియనంత నిమ్మళంగా ఒక నది, అవతలి ఒడ్డును మింగేసిన మంచు, నడుమ ఒకే ఒక్క పడవ. పడవలో మనిషి లేడు. దాని ముక్కు దగ్గర నిలబెట్టిన గడకర్ర మాత్రం ఉంది. కింద ఏదో రాసి ఉంటే కూడబలుక్కుని చదివాను. ప్రశాంతత అని ఉంది.

"మంచిగుంది కదా అమ్మమ్మా," అంటూ మనవరాలు సెల్లుతో ఆ ఫోటోను ఫోటో తీసుకుంది. మందులిచ్చే అమ్మాయి ఆ మాట అందుకుని, వచ్చినవాళ్ళకు భయం తగ్గాలని డాక్టరమ్మ ఎక్కడో చూసి ముచ్చటపడి పెద్దది చేయించి పెట్టించిందని చెప్పింది.

నేను లేచి దగ్గరికి వెళ్ళాను. పడవ ముక్కు కింద, నీటికి జానెడు పైన, నూనె డబ్బా రేకుతో వేసిన మాటు ఉంది. నెలవంకలా కత్తిరించబోతే వంకర పోయిన మాటు. అది వేసింది మా మేనమామ. పడవ మా బాపుది.

గోదావరి ఒడ్డు మాది. ఇప్పుడు భూపాలపల్లి జిల్లా అంటున్నారు, అప్పుడు మాకు జిల్లాలూ తెలియవు, తాలూకాలూ తెలియవు. ఇవతలి ఒడ్డు, అవతలి ఒడ్డు, అంతే తెలుసు. ఇవతల మా ఇల్లు, అవతల మా అమ్మ పుట్టిల్లు. వంతెన లేదు. పెళ్ళివారైనా, మేకల మంద అయినా, పురిటి నొప్పులు పడుతున్న ఆడమనిషి అయినా మా బాపు పడవ ఎక్కాల్సిందే. పంటలప్పుడు ఇంటింటా ఇంత జొన్న కొలిచి పెట్టేవాళ్ళు. అదే మా బతుకు.

ఇప్పటికీ ఎక్కడైనా గుగ్గిలం పొగ వేస్తే నాకు దేవుడు గుర్తుకు రాడు, పడవ గుర్తుకు వస్తుంది. వానలు వెనకపట్టాక బాపు పడవను ఇసుక మీదికి లాగి బోర్లించేవాడు. గుగ్గిలం ఆముదంలో వేసి కాచేవాడు. చెక్కల సందుల్లో పాత గుడ్డ పేలికలు కుక్కి, దాని మీద ఆ కాక మీదున్న ముద్దను పూసేవాడు. ఆ వాసన మా అమ్మ వండే చేపల పులుసులో కూడా ఉండేది. మా నాయినమ్మ ముక్కుతూ మూలుగుతూ వచ్చి చుట్ట ముట్టించుకుని, ఒడ్డున కూర్చుని, ఇక్కడ పూయలేదు అక్కడ పూయలేదు అని కట్టెతో చూపించేది. బాపు పట్టించుకునేవాడు కాదు గానీ, ఆమె అటు తిరగ్గానే చూపించినచోట పూసేవాడు.

తెల్లవారకముందే మొదటి పడవ. నేను రోజూ బాపుతో పోయేదాన్ని. పడవ ముక్కు మీద నా జాగా. పడవెక్కిన వాళ్ళ గంపల్లో సీతాఫలాలుంటే, కన్ను విచ్చిన కాయను వేలితో నొక్కి చూసేదాన్ని. నొక్కితే మెత్తబడ్డ కాయను ఎవరు అమ్ముతారు? నాకే ఇచ్చేవాళ్ళు. గాజులమ్మే ముసలామె ఒకతి నా ఎత్తుగడ కనిపెట్టి, ఈ పిల్ల వేళ్ళు కట్టేసి కూర్చోబెట్టండి అని బాపుతో మొత్తుకునేది.

మా మేనమామ అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. మీసం అప్పుడప్పుడే మొలుస్తోంది. అటునుంచి ఇటు ఈదుకుంటూ వచ్చి, తడి లుంగీతోనే మా వంటింట్లో దూరి కుండ మూత తీసేవాడు. పచ్చి సీతాఫలాలు తెచ్చి మా జొన్నల గుమ్మిలో పూడ్చిపెట్టి, పండేదాకా ఎవరూ ముట్టొద్దని ఒట్టు వేయించుకుని, తనే ముందు వచ్చి తీసుకుపోయేవాడు. నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు. కోడలా అనేవాడు. పెద్దయ్యాక దీన్ని నీకే ఇస్తాం అని మా నాయినమ్మ ఏడిపిస్తే, ముక్కు కారే పిల్ల నాకొద్దు అని పరుగెత్తేవాడు. నేను వెంటపడి ఇసుక విసిరేదాన్ని.

నీళ్ళ మీద బతికేవాళ్ళకు కొన్ని కట్టుబాట్లుంటాయి. మా రెండు ఒడ్లకూ ఒకటే కట్టు. నీటి నడుమ లంగరు రాయి దించి పడవను ఖాళీగా వదిలి రావాల్సి వస్తే, ముక్కు దగ్గర గడ నిలబెట్టి, దాని కొసకు బాపు తన తువ్వాల కట్టేవాడు. మనిషి క్షేమంగా ఒడ్డున ఉన్నాడని దాని అర్థం. అవతలి ఒడ్డునుంచి ఎవరు చూసినా తువ్వాల కనిపిస్తే నిశ్చింతగా పని చేసుకునేవాళ్ళు. మా నాయినమ్మ నాకు బువ్వ తినిపిస్తూ చెప్పిన మొదటి నీతి ఇదే.

"పడవ నీళ్ళ మీదుంటే పడవల మనిషుండాలె. మనిషి లేకుంటే గడకు తువ్వాల ఉండాలె. రెండూ లేకుంటే, సూసినోడు ఇగ ఎవల్నీ అడగొద్దు. దుంకాలె."

ఒకసారి బాపు తువ్వాల కట్టడం మరిచి, ఇసుక తిన్నె మీద ఎండకు నిద్రపోయాడు. అవతలి ఒడ్డున సగం ఊరు నీళ్ళలో దూకింది. వెతికి వెతికి, ఏడ్చి, ఇవతలికి వచ్చి చూస్తే ఈయన తుంగ నీడలో గురక పెడుతున్నాడు. మా మేనమామ ఆయన చెవిలో నీళ్ళు పోసి లేపాడు. వచ్చినవాళ్ళందరికీ మా అమ్మ చేపలు వండి పెట్టాల్సి వచ్చింది. అందరూ తిని, తిట్టి, నవ్వి పోయారు. అప్పట్నుంచి మా మేనమామ బాపును చూస్తే చాలు, "బావా, తువ్వాల మర్సినవా?" అనేవాడు. పండుగ పూట అన్నం తింటుంటే అనేవాడు. నిండు పడవలో అందరి ముందూ అనేవాడు. బాపు నవ్వి తెడ్డుతో నీళ్ళు కొట్టేవాడు అతని మీదికి. ఆ మాట రెండు ఒడ్లమీదా సామెత అయిపోయింది.

కార్తీకం వచ్చింది. నది తేరుకుని, అడుగున గులకరాళ్ళు కనిపించే రోజులు. అప్పుడు పట్నం నుంచి ఫోటోలు తీసే ఆయన వచ్చాడు. మెడలో కెమెరా, చేతిలో మూడు కాళ్ళ కర్ర. ఆయనకు మనుషుల ఫోటోలతో పని లేదట. చెరువుల్లో, నదుల్లో తెడ్డు వేసే పడవలు తీయడమే ఆయన పిచ్చి. మానుకోట వైపు చెరువుల్లో తెప్పలన్నీ తీసి, ఇక నదిలో కావాలని మమ్మల్ని వెతుక్కుంటూ బండి కట్టించుకుని వచ్చాడు.

ఏ మాటకామాటే చెప్పాలి, మంచివాడు. మా బాపును గారూ అని పిలిచాడు. అంతకుముందు మా బాపును ఒరేయ్ అననివాళ్ళే తక్కువ. ఆయన గారూ అన్నప్పుడల్లా బాపు వెనక్కి తిరిగి ఎవరైనా వచ్చారేమో చూసేవాడు. మా అరుగు మీదే పడుకున్నాడు. మా అమ్మ చేసిన చేపల పులుసుతో జొన్నరొట్టె తిని, కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకో ముక్క వేయించుకున్నాడు. మేం మాట్లాడితే మాత్రం చిన్నగా నవ్వేవాడు. గిట్ల, గట్ల అని మళ్ళీ అని చూసుకునేవాడు. ఆయన నవ్వుతున్నాడని మా అమ్మ ఆయన ముందు మాట్లాడటమే మానేసింది.

ఫోటోల ఆయన వచ్చాడని తెలిసి మా మేనమామ అవతలినుంచి పడవెక్కి వచ్చాడు. ఈదితే జుట్టు చెదురుతుందని ఆ రోజు ఈదలేదు. ఎవరిదో అడిగి తెచ్చుకున్న తెల్ల చొక్కా, తలకు జుట్టు అంటుకుపోయేంత నూనె. పడవలో తెడ్డు పట్టుకుని, రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. ఫోటోల ఆయన కెమెరాలోంచి చూసి, చూసి, బాబూ మీరు కాస్త పక్కకు తప్పుకుంటారా, పడవ ఒక్కటే కావాలి అన్నాడు. మా మేనమామ మొహం చిన్నబోయింది. అయినా ఓడిపోయినట్టు కనిపించొద్దని, "గిది పడవకు పెండ్లిసూపులా బావా? మరి నా సంగతేంది?" అన్నాడు. అందరూ నవ్వారు. చొక్కా నలగకుండా విప్పి, మడిచి చంకలో పెట్టుకుని సాయంత్రం పడవలో అవతలికి పోయాడు. తెల్లవారి ఫోటోల ఆయన బండెక్కి పోతాడని అతనికి చెప్పే పంపాం.

తెల్లవారింది. మంచు పడుతోంది. బండి వాకిట్లో కట్టి ఉంది. ఫోటోల ఆయన మొహం కడుక్కోవడానికి ఒడ్డుకు వచ్చి, చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నీటి మీద ఒక్క గీత లేదు. ఇలాంటి పొద్దు మళ్ళీ దొరకదు, ఒకే ఒక్క ఫోటో అని బాపును బతిమాలాడు. పడవ నది నడుమ ఉండాలి, మనిషి ఉండొద్దు, మోకు కనిపించొద్దు.

బాపు పడవను నది నడుమనున్న మొసలి బండ పక్కకు తీసుకుపోయాడు. లంగరు రాయి దించాడు. గడ నిలబెట్టి కొసకు తువ్వాల కట్టి, ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. ఫోటోల ఆయన కెమెరాలో తల దూర్చి, ఎత్తి, మళ్ళీ దూర్చాడు.

"ఆ గుడ్డ ఒక్కటి తీసేయండి. చూపంతా దాని మీదికే పోతోంది."

బాపు తడి లుంగీ పిండుకున్నాడు. గది మా కట్టు సారూ, తియ్యరాదు అన్నాడు. ఒడ్డున అంట్లు తోముతున్న అమ్మ కూడా, ఆయన ముందు నోరు విప్పని అమ్మ, తీయొద్దని అంది. ఒక్క నిమిషమే గారూ అన్నాడాయన. ఎంత మర్యాదగా అన్నాడో నాకిప్పటికీ చెవుల్లో ఉంది. కసురుకుని ఉంటే మా బాపు పోయేవాడు కాదు. గారూ అనేసరికి కాదనలేకపోయాడు. మళ్ళీ ఈదుకుంటూ పోయి, తువ్వాల విప్పి, తలకు చుట్టుకుని తిరిగి వచ్చాడు.

ఈదిన అలలు సద్దుమణగాలని, మా నీడలు పడొద్దని, మమ్మల్ని తుంగ వెనక కూర్చోమన్నాడు. నేను, అమ్మ, బాపు. అవతల మంచు ఒకసారి విచ్చి మళ్ళీ మూసుకుంది, దూరంగా నీళ్ళలో ఏదో పడ్డ చప్పుడైంది. ఎవరిదో బర్రె దిగిందన్నాడు బాపు. కెమెరా టక్కుమంది. ఆయన మొహం వెలిగిపోయింది.

అప్పుడు మంచులోంచి ఒక తల వచ్చింది. చేతులు పడవ అంచు పట్టుకున్నాయి. లోపలికి తొంగి చూశాడు. మా మేనమామ.

"బావా!"

బాపు ఎగిరి లేచాడు. ఒడ్డున్నం రా, ఒడ్డున్నం అని అరిచాడు. అప్పటికే అతను మునిగాడు. అమ్మ అరిచింది, నేను అరిచాను. బాపు నీళ్ళలో దూకాడు. అతను పైకి తేలి, చెవులు విదిలించుకుని, ఊపిరి పీల్చుకుని, ఈసారి నన్ను పిలిచాడు. రోజూ ఆ వేళకు నేను పడవ ముక్కు మీద ఉంటానని అతనికి తెలుసు కదా.

"కోడలా!"

నేనిక్కడున్నా మామా అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. అతను మళ్ళీ మునిగాడు. మేం అరిచింది అతనికి వినిపించలేదు. అతను పిలిచింది మాకు వినిపించింది. మొసలి బండ చుట్టూ చేపల కోసం రాత్రి వేసిన వలలున్నాయి. నా కోసం వాటి కిందికి దిగాడు. బాపు పడవ దగ్గరికి చేరేసరికి నీటి మీద మళ్ళీ ఒక్క గీత లేదు.

వల కోసి బయటికి తీశారు. అవతలి ఒడ్డుకు అదే పడవలో తీసుకుపోయాం. అప్పుడు బాపు గడకు తువ్వాల కట్టబోతే మా నాయినమ్మ దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుని, దాంతో అతని మొహం తుడిచింది. ఫోటోల ఆయన ఎప్పుడు పోయాడో ఎవరూ చూడలేదు. వాకిట్లో బండి లేదు. ఆయన మొహం కడుక్కోవడానికి తీసుకున్న చెంబు అరుగు మీద బోర్లించి ఉంది.

అవతలి ఒడ్డున మా అమ్మమ్మ ఏడవలేదు. కొడుకు తలను ఒడిలో పెట్టుకుని, నూనె రాసిన జుట్టులోంచి నాచు తీస్తూ, మా బాపును ఒక్కటే అడిగింది.

"బిడ్డా, తువ్వాల ఎందుకు కట్టలే?"

అందరూ బాపును చూశారు. ఏం చెబుతాడు? ఫోటోలో బాగా కనిపించడం లేదన్నారు, అందుకని విప్పాను అని చెబుతాడా? ఆ మాట అక్కడ, ఆ శవం ముందు, ఏ నోటితో అనాలి?

"మర్సిపోయిన," అన్నాడు.

అందరూ నమ్మారు. ఎందుకు నమ్మరు? అంతకుముందు ఒకసారి మరిచినవాడే కదా. ఆ సామెతను ఊరూరా తిప్పినవాడే ఇప్పుడు కట్టె అయి పడుకున్నాడు. అమ్మ నోరు తెరవబోతే బాపు కళ్ళతోనే ఆపాడు. నేను చిన్నపిల్లను, నా మాట ఎవరడుగుతారు?

ఆ తర్వాత బాపు పడవ ఎవరూ ఎక్కలేదు. రెండూర్లవాళ్ళూ వేరే పడవ పెట్టుకున్నారు. పంటలప్పుడు కొలిచి పెట్టే జొన్నలు ఆగిపోయాయి. పడవ ఇసుకలో బోర్లా పడి ఎండకు పగిలిపోతుంటే, బాపు మాత్రం ప్రతి ఏడూ గుగ్గిలం కాచి పూసేవాడు. నాయినమ్మ వచ్చి ఎక్కడా చూపించేది కాదు. పూసీ పూసీ ఏం జేస్తవు కొడుకా అని కూడా అనేది కాదు. పుట్టింటివాళ్ళు మా అమ్మను పిలవలేదు. పిలిచినా పోయేది కాదేమో. తన తమ్ముడిని చంపినవాడి ఇంట్లో ఉంది అని వాళ్ళూ, నిజం తెలిసీ చెప్పుకోలేక ఈమే, నది అటూ ఇటూ ముసలివాళ్ళయ్యారు. ఆమె పొద్దున్నే నీళ్ళకు పోయి, బిందె నిండినా లేవక, అవతలి ఒడ్డు వైపు చూస్తూ కూర్చునేది. బాపుతో మాట్లాడేది. అన్నం పెట్టేది. కానీ అతని తువ్వాల మాత్రం ఏనాడూ ఉతకలేదు. అతనే ఉతుక్కునేవాడు.

నాకు సంబంధాలు చూసేటప్పుడు అమ్మ ఒకటే అడిగేది, ఆ ఊళ్ళో నీళ్ళున్నాయా అని. ఉన్నాయంటే వద్దనేది. వెతికి వెతికి, బావులు కూడా ఎండిపోయే జనగామ దిక్కుకు ఇచ్చింది. బిందెడు నీళ్ళ కోసం పొలాల గట్ల వెంట తిరుగుతూ ఎన్నోసార్లు ఆమెను తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ గోదావరికి వంతెనలొచ్చాయి, ఆనకట్టలొచ్చాయి. మా ఒడ్డు ఎక్కడుండేదో చూపించమంటే నేనే చూపించలేను. బాపు పోయేటప్పుడు కూడా నోరు విప్పలేదు. తువ్వాల మరిచినవాడిగానే పోయాడు.

దవాఖాన గోడ దగ్గర ఇదంతా ఎంతసేపు తలుచుకున్నానో. మనవరాలు చేయి పట్టుకుని కూర్చోబెట్టబోయింది. నేను కూర్చోలేదు. ఫోటోలో నీళ్ళన్నీ వెతికాను. తల లేదు, చేయి లేదు. మంచు వెనక అతను ఈదుకుంటూ వస్తున్నాడు, ఇంకా కనిపించడు.

కంటి నీరు అద్దుకోమని ఇచ్చిన తెల్ల గుడ్డ నా చేతిలో ఉంది. చేయి చాచి, ఫోటో చట్రానికి పైన ఉన్న మేకుకు దాన్ని తగిలించాను. కొస కిందికి జారి సరిగ్గా గడ మీద పడేట్టు సర్దాను.

మందులిచ్చే అమ్మాయి బల్ల వెనకనుంచి లేచి వచ్చింది. కోపంగా ఏం రాలేదు. పాపం, నవ్వుతూనే వచ్చింది.

"అవ్వా, గా గుడ్డ తీయనా? ఫోటో కనవడ్తలేదు."

నేను జవాబు చెప్పేలోపే తీసి, మడిచి నా చేతిలో పెట్టింది. మనవరాలు సిగ్గుపడి, పోదాం పద అమ్మమ్మా అని రెక్క పట్టుకుని నడిపించింది. తలుపు దాకా వచ్చి ఒకసారి వెనక్కి తిరిగాను. గడ మళ్ళీ ఒట్టిదైంది. గదిలో కూర్చున్నవాళ్ళందరూ ఆ ఖాళీ పడవ వైపే చూస్తున్నారు. ఒక్కరూ లేవలేదు.